షాకులు మార్చకుండా కారు దించాలంటే

పోలో, స్విఫ్ట్ లాంటి కార్ల ఎత్తును కంపెనీ షాక్ అబ్జార్బర్లతోనే కాస్త దించాలనుకుంటే 25-30 మి.మీ. దగ్గర ఆగండి. అదీ లోయరింగ్ స్ప్రింగులతోనే, అంటే ఎత్తు తగ్గించడానికే చేసిన పొట్టి స్ప్రింగులతో. ఉన్న స్ప్రింగునే గ్రైండర్‌తో రెండు చుట్లు కోసేస్తే డబ్బు మిగులుతుంది నిజమే, కానీ జాకీ మీద లేపినప్పుడు అది వదులై తాను కూర్చునే చోటి నుంచి పక్కకి జరిగిపోతుంది. కొత్తవి బిగించాక కూడా చూసుకోండి: చక్రం గాల్లో వేలాడుతుండగా స్ప్రింగును చేత్తో తిప్పితే కదలకూడదు.

చాలామంది పట్టించుకోనిది బంప్ స్టాప్, అంటే షాక్ పూర్తిగా అణిగినప్పుడు దెబ్బను ఆపే రబ్బరు ముక్క. కారు దిగిందంటే షాక్ రాడ్ ఆ మేరకు ముందే లోపలికి వెళ్లిపోయినట్టే. ఇక ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ ఆ రబ్బరు ముక్క మీద దభీమని కొడుతుంది. స్ప్రింగుల కిట్‌లో చెప్పినంత మేరకే దాన్ని కత్తిరించాలి. మొత్తం తీసేశారో, షాక్ లోపల వాల్వు పని అయిపోయినట్టే.

లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు బాడీకి కలిపే కింది చేయి) బుష్‌ల (దాని కీలులో ఉండే రబ్బరు) బోల్టులు కారు బరువు చక్రాల మీద పడ్డాకే ఫుల్ టైట్ చేయించండి. మెకానిక్ విసుక్కుంటాడు, పర్లేదు. గాల్లో బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. వెంటనే ఒకసారి, స్ప్రింగులు సర్దుకున్నాక ఇంకోసారి వీల్ అలైన్‌మెంట్ చేయించండి. షాక్ నుంచి ఆయిల్ కారుతుంటే మాత్రం ముందు దాన్నే మార్చండి.