పెద్ద కంపెనీ వర్చువలైజేషన్ టెక్నాలజీ ఎందుకు కొందో కనిపెట్టడం ఎలా

ఫలానా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంకో కంపెనీని కొన్నదని న్యూస్ రాగానే అందరం ముందు ఎంతకి కొన్నారని చూస్తాం. నేనూ అంతే, కానీ సర్వర్ల పనిలో ఇన్నేళ్ళు ఉన్నాక అర్థమైంది ఏంటంటే, ఆ కొన్నదాన్ని తర్వాత ఎంతకి అమ్మారు, దాని వల్ల వేరే ఏ సరుకు అమ్ముడుపోయింది, చూడాల్సింది అది. మైక్రోసాఫ్ట్ కనెక్టిక్స్ డీల్ పెట్టుకుని చెప్తాను, పాత కథ కాబట్టి మొదలూ చివరా రెండూ కనిపిస్తాయి.

ముందు డీల్ డేట్ పక్కన కొన్నవాళ్ళ క్యాలెండర్ పెట్టండి. 2003 ఫిబ్రవరిలో కనెక్టిక్స్ దగ్గర్నుంచి వర్చువల్ మెషీన్ (వీఎమ్, అంటే ఒకే కంప్యూటర్ లోపల ఇంకో విడి కంప్యూటర్‌లా నడిచేది) టెక్నాలజీ మైక్రోసాఫ్ట్ కొంది. కనెక్టిక్స్ అంటే అప్పట్లో మ్యాక్ మీద విండోస్ నడిపే వర్చువల్ పీసీయే గుర్తొచ్చేది, కాబట్టి ఇది మ్యాక్ గొడవ అనుకోవడం తేలిక. కానీ అదే ఏప్రిల్‌లో విండోస్ సర్వర్ 2003 రిలీజ్ ఉంది, పాత విండోస్ అయిన ఎన్‌టీ 4 సర్వర్ సపోర్ట్ 2004 చివరికి అయిపోతోంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో పేరోల్ ఎన్‌టీ 4 మీదే నడిచేది, ఆ మెషీన్ ఫ్యాన్ ఆగితే నెల జీతాలు ఆగిపోతాయని దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు, రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. అలాంటి కస్టమర్‌కి కొత్త విండోస్ అమ్మాలంటే పాతదాన్ని అందులోనే ఒక వీఎమ్‌గా పడుకోబెట్టే దారి చూపించాలి. కనెక్టిక్స్ దగ్గర ఆ దారి రెడీగా ఉంది.

తర్వాత ఒక కాగితం మీద డబ్బాలు గీయండి. కింద హార్డ్‌వేర్, దాని మీద విండోస్, పైన అప్లికేషన్లు. ఇప్పుడు హార్డ్‌వేర్‌కీ విండోస్‌కీ మధ్యలో వీఎమ్‌వేర్ అనే కంపెనీ ఈఎస్ఎక్స్ అని ఇంకో డబ్బా దూర్చండి, వీఎమ్‌లని నడిపించే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే హైపర్‌వైజర్ అంటారు. ఇన్నాళ్ళూ ఇంటి ఓనర్‌లా ఉన్న విండోస్ ఒక్కసారిగా అద్దెకున్నవాడైపోయింది కదా, కాళ్ళ కింద నేల వేరేవాళ్ళ చేతికి పోయింది. కొన్న కంపెనీ ఏ డబ్బా చేజారుతుందని భయపడుతోందో ఈ బొమ్మలో కనిపిస్తుంది. అదే ఏడాది డిసెంబర్‌లో వీఎమ్‌వేర్‌ని కొంటున్నట్టు స్టోరేజ్ కంపెనీ ఈఎమ్‌సీ ప్రకటించింది, సుమారు 63.5 కోట్ల డాలర్లకి, అంటే భయం ఊరికే కాదు.

ఇప్పుడు అసలు పని, ప్రైస్ లిస్ట్ తియ్యండి. కనెక్టిక్స్ టెక్నాలజీతో వచ్చిన వర్చువల్ సర్వర్ 2005 ఆర్2ని 2006లో ఫ్రీ చేసేశారు. 2008లో మైక్రోసాఫ్ట్ హైపర్-వీ వచ్చింది (కొత్తగా రాసిన హైపర్‌వైజరే అది). విండోస్ సర్వర్ 2008 స్టాండర్డ్ 999 డాలర్లు, హైపర్-వీ లేకుండా కావాలంటే 971. తేడా 28 డాలర్లు! వీఎమ్‌వేర్ బతుకంతా ఆధారపడ్డ సరుకుకి మైక్రోసాఫ్ట్ కట్టిన రేటు అది, విడిగా హైపర్-వీ సర్వర్ అని ఇచ్చింది అయితే ఫ్రీనే. ఇది చూశాక ఇంకెవరూ నాకు ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

మరి డబ్బు ఎక్కడ? ఆ 2008 రేట్లతో మీరే లెక్కేసి చూడండి. రెండు ప్రాసెసర్ల సర్వర్ ఒకటి, అందులో 12 విండోస్ వీఎమ్‌లు అనుకోండి. విండోస్ సర్వర్‌లో స్టాండర్డ్, ఎంటర్‌ప్రైజ్, డేటాసెంటర్ అని మూడు రకాలు. స్టాండర్డ్ అయితే వీఎమ్‌కి ఒకటి, 12 లైసెన్సులు, 11,988 డాలర్లు. ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్ 3,999, ఒక్కోటి 4 వీఎమ్‌లకి చాలుతుంది కాబట్టి మూడు, 11,997. డేటాసెంటర్ ప్రాసెసర్‌కి 2,999, రెండింటికి 5,998, వీఎమ్‌లు ఎన్నైనా పెట్టుకోవచ్చు. కస్టమర్‌కి సగానికి సగం మిగిలింది, సంతోషం, కానీ ఆ డేటాసెంటర్ లైసెన్స్ కింద వీఎమ్‌వేర్ ఉన్నా చెల్లుతుంది. అంటే హైపర్‌వైజర్ ఎవరిదైనా సరే విండోస్ మాత్రం అమ్ముడుపోవాలి. నా లెక్కలో ఈ ఎత్తు మొత్తానికి ప్రాణం ఇదే.

ఇంకొకటి, కొన్నదాంట్లో ఏం మిగిలిందో వెతకండి. వర్చువల్ పీసీ పోయింది, వర్చువల్ సర్వర్ పోయింది, కానీ వీహెచ్‌డీ అనే డిస్క్ ఫైల్ ఫార్మాట్ కనెక్టిక్స్‌దే, ఈరోజుకీ మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లోకి మన సొంత డిస్క్ ఎక్కించాలంటే వీహెచ్‌డీగానే ఎక్కించాలి. అజూర్ నడిచేది కూడా హైపర్-వీ కుటుంబం హైపర్‌వైజర్ మీదే, మన హైదరాబాద్ సత్య నాదెళ్ల 2014లో సీఈఓ కాకముందు చూసుకున్నది ఆ సర్వర్, క్లౌడ్ వ్యాపారమే.

ఇదే పద్ధతి చిప్‌ల కంపెనీ బ్రాడ్‌కామ్‌కి వేస్తే లెక్క తిరగబడుతుంది. 2023 నవంబర్‌లో సుమారు 69 బిలియన్ డాలర్లకి వీఎమ్‌వేర్‌ని కొంది, డిసెంబర్‌లోనే ఒక్కసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేసింది, అంతా సబ్‌స్క్రిప్షనే. ఇక్కడ వెనక కాపాడాల్సిన విండోస్ లాంటిది లేదు, డబ్బు రావాల్సింది హైపర్‌వైజర్ నుంచే. పైగా రేటు కోర్ల (సీపీయూ లోపల విడివిడిగా పనిచేసే భాగాల) లెక్క, సీపీయూకి తక్కువలో తక్కువ 16. ఎనిమిదేసి కోర్ల సీపీయూలు రెండున్న పాత సర్వర్‌కి 16 కాదు, 32 కోర్లకి కట్టాలి. మీ ఆఫీసులో ఈఎస్ఎక్స్ఐ (ఈఎస్ఎక్స్ తర్వాతి రూపం) ఉంటే అది నడిచే ప్రతి సర్వర్‌లో సీపీయూలు ఎన్ని, ఒక్కోదాంట్లో కోర్లు ఎన్ని, రెన్యువల్ ఏ నెలలో అనే మూడు కాలమ్‌ల షీట్ ఇప్పుడే తయారు చేసి పెట్టుకోండి, కొటేషన్ చేతికొచ్చాక మొదలెడితే టైమ్ సరిపోదు.