నారోబోట్ మునగకుండా, మధ్యలో ఆగకుండా: ఇంగ్లండ్ కాలువల్లో పడవ చూసుకునే తీరు

ఇంగ్లండ్ ఇరుకు కాలువల్లో తిరిగే సన్నటి, పొడవాటి ఉక్కు పడవ నారోబోట్. అది నడుము లోతు నీళ్లలో కూడా మునుగుతుంది. ఇంగ్లండ్ కాలువలు చాలాచోట్ల అంతకంటే లోతు ఉండవు, అయినా పడవలు మునుగుతూనే ఉంటాయి. కారణాలు కొత్తవేమీ కావు: లాకులో (నీటి మట్టం మార్చి పడవను ఎక్కించే, దించే తలుపుల తొట్టిలో) వెనకభాగం తలుపు కింది గడప మీద ఎక్కడం, ప్రొపెల్లర్ పైన ఉండే వీడ్ హ్యాచ్ అనే పెట్టె మూత సరిగ్గా పడకపోవడం, ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర కారే నీటిని పట్టించుకోకపోవడం. ఈ మూడూ నడిపేవాళ్ల చేతిలో ఉన్నవే. ఇల్లయితే తాళం వేసి నెల రోజులు ఊరెళ్లొచ్చు. పడవను అలా వదిలేయకూడదు.

కొనే ముందు

లండన్ అద్దెలు భరించలేక పడవ కొందామా అని ఆలోచించేవాళ్లు ధర కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పడవను ఎక్కడ కడతారు? సొంత మూరింగ్, అంటే పడవ కట్టుకునే స్థిరమైన చోటు, ఉంటే సరే. కానీ మూరింగుల్లో ఎక్కువ భాగం సెలవులకు వచ్చిపోయేవాళ్ల కోసమే, అక్కడ కాపురం ఉండటానికి అనుమతి ఉండదు. నివాసానికి అనుమతి ఉన్నవి తక్కువ, ఖరీదెక్కువ. మూరింగ్ లేకుండా తిరుగుతూ ఉండే లైసెన్సు తీసుకుంటే, 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం ఒక చోట 14 రోజులకు మించి ఉండకూడదు. బోర్డు మీద అంతకంటే తక్కువ గడువు రాసి ఉంటే అదే వర్తిస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల జలమార్గాలు చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్, ఏడాది మొత్తమ్మీద 20 మైళ్ల పరిధి కూడా దాటని పడవను తిరుగుతున్నట్టు ఒప్పుకోవడం కష్టమని చెబుతుంది. రెండు వంతెనల మధ్య అటూ ఇటూ జరిగితే సరిపోదు. పిల్లల బడి, డాక్టరు దగ్గర పేరు నమోదు, బ్యాంకుకు ఇవ్వాల్సిన చిరునామా, అన్నీ దీనితో ముడిపడి ఉన్నాయి. పైగా 2024 ఏప్రిల్ నుంచి ఈ రకం లైసెన్సు మీద అదనపు రుసుము కూడా ఉంది.

లైసెన్సుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ నాలుగేళ్లు చెల్లుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. అది గ్యాస్, ఇంధనం, వైరింగ్, అగ్నిప్రమాదాల భద్రత వరకే చూస్తుంది. అడుగు రేకు తుప్పు పట్టి చిల్లు పడబోతున్నా ఆ సర్టిఫికెట్ రావచ్చు. కారుకు ఉన్నట్టు పడవకు యాజమాన్యపు పుస్తకం కూడా ఉండదు. లైసెన్సు ఎవరి పేరున ఉన్నా అది యాజమాన్యానికి రుజువు కాదు. పాత అమ్మకపు రసీదులు వరసగా చూపించమనండి, పడవ మీద అప్పు లేదని నిర్ధారించుకోండి.

పొడవు విషయానికొస్తే 57 అడుగులకు ఆగడం మంచిది. 70 అడుగుల పడవలో చోటు ఎక్కువే, కానీ కాల్డర్ అండ్ హెబుల్ లాకుల్లో, లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలువ లాకుల్లో చాలావాటిలో అది పట్టదు. వెడల్పు ఎలాగూ 6 అడుగుల 10 అంగుళాలే. ఇరుకు లాకులు 7 అడుగుల ప్రమాణం మీద కట్టినవి.

పడవను నీళ్లలోంచి పైకి తీయించి, మీరు పెట్టుకున్న సర్వేయర్ చేతనే రేకు మందం అల్ట్రాసౌండ్ మీటరుతో కొలిపించండి. ఇప్పటి పడవలు ఎక్కువగా అడుగున 10 మిల్లీమీటర్లు, పక్కన 6, పైన కేబిన్‌కు 4 మందంతో వస్తాయి. పాత పడవ రేకు ఎక్కడైనా 4 మిల్లీమీటర్ల కంటే పలచబడితే ఇన్సూరెన్సు కంపెనీలు వెనకాడతాయి. సగటు మందం బాగుంది కదా అని సర్దుకోకండి. చిల్లు పడేది గుంటలు పడిన చోటే. నీటి మట్టం దగ్గరి గీత, అడుగు రేకు అంచులు, వెనక ప్రొపెల్లర్ చుట్టూ ఉన్న భాగం, ఈ మూడుచోట్లా ఎక్కువ కొలతలు తీయమని అడగండి. కొన్న తర్వాత రెండు మూడేళ్లకోసారి బిటుమెన్ నల్లరంగు వేయించాలి. అప్పుడే యానోడ్లు, అంటే రేకుకు బదులు తాము అరిగే మెగ్నీషియం దిమ్మలు, ఎంత అరిగాయో చూడాలి. మెరీనాలో ఒడ్డు కరెంటుకు తగిలించి ఉంచే పడవకు గాల్వానిక్ ఐసొలేటర్ తప్పనిసరి. అది లేకపోతే ఎర్తు తీగ ద్వారా పక్క పడవలతో కలిసి మీ యానోడ్లు, ఆ తర్వాత రేకు కరిగిపోతాయి.

రోజూ ఇంజను గదిలో పది నిమిషాలు

బయలుదేరే ముందు ఆయిల్, కూలెంట్, బెల్టు బిగువు చూసి, పడవ అట్టడుగు భాగమైన బిల్జ్‌లో నీరెంత ఉందో చూడండి. నిన్నటి కంటే పెరిగితే ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేవరకు కదలకండి.

ముందు అనుమానించాల్సింది స్టెర్న్ గ్లాండ్. షాఫ్టు బయటికి వెళ్లే చోట గ్రీజు పట్టించిన ప్యాకింగ్ తాడు రింగులుగా చుట్టి, రెండు నట్లతో బిగించి ఉంటుంది. ప్రయాణంలో నిమిషానికి ఒకటి రెండు చుక్కలు కారితే తప్పు లేదు. ఆ చుక్కలే షాఫ్టును చల్లగా ఉంచుతాయి. సాయంత్రం ఆగాక గ్రీజు కప్పును గట్టిగా తగిలేదాకా ఒకటి రెండు తిప్పులు తిప్పితే రాత్రి కారడం ఆగాలి. ఆగకపోతే రెండు నట్లనూ సమానంగా, ఒక్కోసారి పావు తిప్పు కంటే తక్కువే బిగించండి. ఒకటే బిగిస్తే గ్లాండ్ వంకరపడి ఒకవైపే ఒత్తుకుంటుంది. కాసేపు నడిపి, ఇంజను ఆపాక చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఎక్కువ బిగించినట్టు. అలాగే నడిపితే షాఫ్టు మీద గాట్లు పడతాయి, ఆ తర్వాత ఎన్ని కొత్త రింగులు వేసినా కారడం ఆగదు. నట్లు చివరికంటా వెళ్లిపోతే ప్యాకింగ్ మార్చాలి. రింగులు విడివిడిగా కోసి, వాటి అతుకులు ఒకేవైపు రాకుండా పెట్టాలి.

ఇక వీడ్ హ్యాచ్. ప్రొపెల్లర్‌కు సరిగ్గా పైన ఉండే ఇనుప పెట్టె ఇది. చుక్కాని తిప్పే పిడి, టిల్లర్, వణుకుతోందంటే, ఇంజను బరువుగా లాగుతూ నల్లపొగ వదులుతోందంటే, వేగం పడిపోయిందంటే ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుంది. మొదట ఒక్కక్షణం రివర్స్ కొట్టి చూడండి, ఆకులైతే వదిలిపోతాయి. ప్లాస్టిక్ సంచి, తాడు, తీగ అయితే ఒడ్డుకు కట్టి, ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే మూత తెరవాలి. మందపాటి చేతితొడుగులు, రంపపు పళ్లున్న కత్తి, ఉక్కు తీగ కోసే కట్టర్ దగ్గర పెట్టుకోండి. అసలు ప్రమాదం పని అయిపోయాకే ఉంది. మూత రబ్బరు సీలు మీద చెత్త లేకుండా తుడిచి, బిగింపు పూర్తిగా వేసి, తాళ్లు విప్పకుండానే గేరు వేసి మూత చుట్టూ తడి వస్తోందేమో చూడండి. ప్రొపెల్లర్ నీటిని పైకి తోస్తుంది. మూత కొంచెం పక్కకు ఉన్నా బిల్జ్ పంపు ఎత్తిపోసే దానికంటే వేగంగా ఇంజను గది నిండుతుంది.

నడపడం

టిల్లర్ కుడికి తోస్తే ముక్కు ఎడమకు పోతుంది. పడవ మధ్య భాగం చుట్టూ తిరుగుతుంది కాబట్టి, ముక్కు తిప్పినప్పుడు వెనకభాగం ఎటు ఊగుతుందో చూసుకోవాలి. ప్రొపెల్లర్ నీటిని చుక్కాని మీదికి తోస్తున్నంతసేపే మలుపు. న్యూట్రల్‌లో, రివర్స్‌లో చుక్కాని దాదాపు పనిచేయదు. 57 అడుగుల పడవ 15 టన్నులకు పైనే ఉంటుంది, బ్రేకులు లేవు. వేగం పరిమితి గంటకు 4 మైళ్లు, కానీ అది లక్ష్యం కాదు. వెనక ఒడ్డు వెంబడి అల విరిగి తెల్లగా లేస్తుంటే వేగం ఎక్కువైనట్టే. లోతు తక్కువ చోట థ్రాటిల్ పెంచితే వెనకభాగం కిందికి దిగి పడవ ఇంకా మందగిస్తుంది, కాబట్టి తగ్గించండి. కుడివైపు ఉండి, ఎదురొచ్చే పడవను మీ ఎడమ పక్క నుంచి దాటనివ్వండి. కట్టి ఉన్న పడవలకు నాలుగైదు పడవల దూరం నుంచే ఇంజను కనిష్ఠ వేగానికి దింపాలి, లేకపోతే మీ అల వాళ్ల మేకులు పీకేస్తుంది.

బురదలో కూరుకుంటే ముందుకు కొట్టకండి. నెమ్మదిగా రివర్స్ చేసి చూడండి, కదలకపోతే లోపలున్నవాళ్లంతా లోతు ఉన్న వైపుకు జరగాలి, గెడతో వెనకభాగాన్ని లోతులోకి తోసి మళ్లీ వెనక్కు తీయాలి.

ఒక రోజుకు ఎంత దూరమో లెక్క వేసుకోవడానికి మైళ్లనూ లాకులనూ కూడి 3తో భాగిస్తే గంటలు వస్తాయి. 12 మైళ్లు, 9 లాకులు అంటే ఏడు గంటలు. వుస్టర్ అండ్ బర్మింగ్‌హామ్ కాలువ మీద టార్డెబిగ్‌లో వరసగా 30 లాకులు, గ్రాండ్ యూనియన్ మీద హాటన్‌లో 21. అలాంటి రోజున మరో పని పెట్టుకోకండి.

లాకులు

ధవళేశ్వరం, విజ్జేశ్వరం లాకులు చూసినవాళ్లకు పద్ధతి కొత్త కాదు. తేడా ఏమిటంటే ఇక్కడ ఎక్కువచోట్ల లాకు సిబ్బంది ఉండరు, తలుపులు తోసేదీ షట్టర్లు ఎత్తేదీ మీరే. ఈ షట్టర్లను పాడిల్స్ అంటారు, వాటిని తిప్పే ఎల్ ఆకారపు పిడి విండ్‌లాస్.

కిందికి దిగేటప్పుడు పై తలుపు కింద, నీటిలో లాకు లోపలికి పొడుచుకొచ్చిన గడప ఉంటుంది, దాని హద్దు గోడమీద తెల్ల గీతతో గుర్తు పెట్టి ఉంటుంది. పడవ వెనకభాగం, చుక్కానితో సహా, ఆ గీతకు ముందే ఉండాలి, లాకు ఖాళీ అయ్యేంతవరకు అక్కడే ఉండాలి. పై పాడిల్స్ మూసి ఉన్నాయని మళ్లీ చూసి, కింది పాడిల్ సగం ఎత్తి పడవ సాఫీగా దిగుతోందని తేలాకే పూర్తిగా ఎత్తండి. తాళ్లు ఒడ్డున ఉండే బొల్లార్డ్ గుంజకు ముడి వేయకూడదు, ఒక చుట్టు చుట్టి చేతిలో పట్టుకుని నీరు దిగేకొద్దీ వదలాలి. ముడి వేస్తే పడవ తాడుకు వేలాడుతుంది. రాపిడి తగలకుండా పక్కన వేలాడదీసే ఫెండర్లు పైకి తీసేయండి, ఇరుకు లాకులో అవే పడవను గోడల మధ్య బిగిస్తాయి. పాడిల్ దగ్గర ఉన్నవాళ్లు ఫోను చూడకుండా పడవనే చూస్తుండాలి.

వెనకభాగం గడప మీద ఆగి ముక్కు దిగిపోతోందంటే క్షణాల్లో పని. ముందు కింది పాడిల్స్ మూయాలి. ఆ తర్వాతే పై పాడిల్స్ నెమ్మదిగా ఎత్తి లాకు నింపాలి. కంగారులో ఈ వరస తప్పితే ముక్కు నీటిలో దిగి కేబిన్ ముందు తలుపు గుండా నీరు లోపలికి పోతుంది. "ఆపు" అని అరిస్తే ఏం చేయాలో లాకుకు చేరకముందే అందరూ మాట్లాడుకుని ఉండాలి.

పైకి ఎక్కేటప్పుడు ముక్కు తలుపు అడ్డదూలం కింద ఇరుక్కోకుండా చూడాలి. తలుపులో కాకుండా పక్కన ఒడ్డు మీద ఉండే నేల పాడిల్స్ ముందు ఎత్తండి. తలుపులోనే ఉన్న పాడిల్స్ నీటి మట్టం కంటే పైన ఉండగా తీస్తే ముందు డెక్ మీద నీరు కురుస్తుంది. విండ్‌లాస్ ఎప్పుడూ ఇరుసు మీద వదిలేయకండి. పట్టు జారితే అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది.

కరెంటు

నాలుగు 110 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీలు అంటే 440 ఉన్నట్టే కనిపిస్తుంది, వాడుకోదగ్గది సగమే. విశ్రాంతిలో 12.7 వోల్టులు అంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. దాని కిందికి తరచూ దించితే ఏడాదిలోనే చచ్చిపోతాయి. 12 వోల్టుల ఫ్రిజ్ ఒక్కటే రోజుకు 40 దాకా తింటుంది. ఇన్వర్టర్ మీద 2 కిలోవాట్ల కెటిల్ పెడితే బ్యాటరీ నుంచి 170 ఆంపియర్లకు పైగా లాగుతుంది. గ్యాస్ మీద నీళ్లు కాచుకోండి.

బ్యాటరీలు చావడానికి అసలు కారణం ఎప్పటికీ నిండకపోవడం. 80 శాతం వరకు ఛార్జి త్వరగా ఎక్కుతుంది, మిగతా 20 శాతానికి గంటలకు గంటలు పడుతుంది. రోజూ గంట ఇంజను తిప్పి ఆపేసేవాళ్ల బ్యాటరీల్లో సల్ఫేటు పేరుకుంటుంది. వారానికి ఒక్కసారైనా పూర్తిగా నింపాలి. కట్టి ఉన్నప్పుడు రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు ఇంజను నడపకూడదన్నది నియమం, కాబట్టి పగలే నింపుకోవాలి. సోలార్ వేసవిలో బాగా ఆదుకుంటుంది, డిసెంబరులో జూన్‌లో వచ్చినదానిలో పదో వంతు చుట్టూ వస్తుంది. లిథియం పెట్టదలిస్తే ఆల్టర్నేటర్‌కు నేరుగా తగిలించకండి. ఎంత ఇస్తే అంతా లాగేసుకుని ఆల్టర్నేటర్‌ను కాల్చేస్తుంది, మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి.

స్టవ్, గ్యాస్, నీళ్లు

బొగ్గు స్టవ్ తలుపు చుట్టూ ఉండే తాడు సీలు వదులైతే, పొగగొట్టం మసితో నిండితే, చలికి భయపడి గాలి రంధ్రాలు మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ లోపలే ఉండిపోతుంది. వాసన రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఈఎన్ 50291-2 ప్రమాణం ఉన్న అలారం తగిలించి, వారానికోసారి బటన్ నొక్కి చూడండి. గ్యాస్ సిలిండరు ప్రొపేన్‌దే తీసుకోండి, సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కాదు.

టాయిలెట్ క్యాసెట్ (ఊడదీసే తొట్టి) రకమైతే నిండినప్పుడు దాన్ని పారబోసే ఎల్సాన్ పాయింట్ దాకా మీరే మోసుకెళ్లొచ్చు. ట్యాంకును యంత్రంతో ఖాళీ చేసే పంప్-అవుట్ రకమైతే ఆ యంత్రం ఉన్న చోటికి పడవే వెళ్లాలి, కాలువ గడ్డకడితే వెళ్లలేరు. నీటి కుళాయిలు, ఎల్సాన్ గదులు తెరవడానికి ట్రస్ట్ వాళ్ల వాటర్‌మేట్ తాళంచెవి కావాలి, రెండు పెట్టుకోండి.

చలికాలం

నవంబరు నుంచి మార్చి వరకు ట్రస్ట్ లాకులు మూసి మరమ్మతులు చేస్తుంది. ఆ జాబితా ముందే ప్రకటిస్తారు. అది చూసుకోకుండా బయలుదేరితే మూసిన రెండు లాకుల మధ్య వారాల తరబడి ఉండిపోవాలి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ భాగంలో తేమ చేరి నీరవుతుంది, ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లు మూసేస్తాయి. ఇంజను కూలెంట్‌లో యాంటీఫ్రీజ్ బలం కొలవండి. పడవ వదిలి వెళ్తుంటే నీటి పంపు ఆపి, కుళాయిలన్నీ తెరిచి, వేడినీటి ట్యాంకు కూడా ఖాళీ చేయాలి. షవర్ మిక్సర్‌లో మిగిలిన కాస్త నీరు చాలు దాన్ని పగలగొట్టడానికి.

కాలువ గడ్డకట్టినప్పుడు పలచటి మంచే కదా అని పడవ నడపకండి. మంచు పలకలు నీటి మట్టం దగ్గర నల్లరంగును గీకేస్తాయి, తుప్పు ముందు పట్టేది కూడా సరిగ్గా అక్కడే. మీరు తోసిన పలకలు పక్కన కట్టి ఉన్న ఫైబర్‌గ్లాస్ పడవల్ని కోసేస్తాయి. బొగ్గు, గ్యాస్, నీళ్లు వారానికి సరిపడా ముందే నింపుకుని, కుళాయికి నడిచి వెళ్లగలిగే దూరంలో కట్టుకుని, కరిగేదాకా ఆగండి.