రూఫ్ బాక్స్ పాఠాలు – 3: ఏది పైకి, ఏది లోపలికి

రెండో పాఠం అయ్యేసరికి మీ కారు పైకప్పు మీద క్రాస్‌బార్లు (అడ్డంగా వేసే కడ్డీలు) బిగిసి, వాటి మీద సామాను పెట్టుకునే బాక్స్ కూర్చుని ఉండాలి. వెనక హ్యాచ్ (పైకి లేచే తలుపు) పూర్తిగా ఎత్తినా బాక్సుకు తగలడం లేదని చూసే ఉంటారు. చూడకపోతే ఇప్పుడే ఒకసారి చేత్తో నెమ్మదిగా ఎత్తి చూడండి. బటన్ నొక్కి మోటారుకు ఆ పని అప్పగించకండి.

ఈ పాఠంలో బాక్స్ నింపడం నేర్చుకుందాం. ఉదాహరణకు కాలిఫోర్నియాలో బే ఏరియా నుంచి కొండల్లోని లేక్ తాహోకు స్కీయింగుకు బయల్దేరే నలుగురి కుటుంబాన్ని తీసుకుంటున్నాను: ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. స్నోబోర్డులైనా, ఎండాకాలం టెంట్లూ స్లీపింగ్ బ్యాగులైనా లెక్క ఇదే.

ముందు బరువు సంగతి. చాలా బాక్సుల మీద 165 పౌండ్లు, అంటే 75 కిలోలు, అని రాసి ఉంటుంది. అది చూసి అంత సామాను వేసేయొచ్చు అనుకుంటారు. ఆ అంకె బాక్స్ ఒక్కదానిదే. కింద క్రాస్‌బార్లకు ఒక హద్దు ఉంటుంది, వాటి కింద కారు పైకప్పుకు ఇంకో హద్దు ఉంటుంది. పైకప్పు హద్దు ఓనర్స్ మాన్యువల్లో దొరుకుతుంది. కొన్ని కార్లకు మట్టిదారుల్లో నడిపేటప్పుడు ఇంకా తక్కువ అంకె ఇస్తారు, అదీ చూడండి.

మన ఉదాహరణలో మూడు హద్దులూ 165 పౌండ్లే అనుకుందాం. బాక్స్ బరువు 45, బార్ల బరువు 12. బాక్స్ తన లోపల 165 పట్టగలదు. బార్లు మోసేది బాక్సునూ సామానునూ కలిపి కాబట్టి 165లో 45 తీసేస్తే 120 మిగులుతుంది. పైకప్పు బార్లను కూడా మోస్తుంది కాబట్టి ఇంకో 12 పోయి 108 మిగులుతుంది. ఈ మూడింటిలో చిన్నది 108. మీరు సామాను వేయగలిగేది అంతే. అదే పైకప్పు హద్దు 100 పౌండ్లే ఉన్న చిన్న కారైతే 43 పౌండ్లు మిగులుతుంది. స్కీలతోనే సరి.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది: పైకప్పు మీద టెంటు వేసుకుని ఇద్దరు ముగ్గురు పడుకుంటున్నారు కదా, వాళ్ల బరువు 108 దాటదా? దాటుతుంది. కానీ అది కారు ఆగి ఉన్నప్పటి లెక్క. కదిలే కారుకు బ్రేకులు, మలుపులు, గుంతలు, పక్కగాలి అన్నీ తోడవుతాయి కాబట్టి హద్దు చాలా తక్కువ. మనకు కావలసింది కదిలేటప్పటి అంకె.

ఇప్పుడు సామాను తూచుదాం. స్కీలు చేత్తో పట్టుకుని బాత్రూం స్కేలు ఎక్కండి, మీ బరువు తీసేయండి. పెద్దల స్కీలు బైండింగులతో (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులతో) కలిపి జత సుమారు 14 పౌండ్లు, పిల్లలవి 7. నాలుగు జతలకు 42. పోల్స్ (చేతికర్రలు) 4, హెల్మెట్లు 4, జాకెట్ల సంచి 15, ప్లాస్టిక్ స్లెడ్ 4. మొత్తం 69. ఇంకా 39 పౌండ్ల జాగా ఉంది. సరిగ్గా ఇక్కడే చెయ్యి ఆగదు.

మొదట కనబడేవి స్కీ బూట్లు. నాలుగు జతలూ కలిపి 28 పౌండ్లు ఉంటాయనుకుందాం. మొత్తం 97, హద్దులోనే ఉంది. అయినా పైన పెట్టకండి. రాత్రంతా చలికి గడ్డకట్టిన ప్లాస్టిక్ బూటు బిగుసుకుపోతుంది, పొద్దున్నే పార్కింగ్ లాట్లో అందులోకి కాలు దూర్చడం నరకం. పిల్లలైతే ఏడుస్తారు కూడా. లెక్క ఒప్పుకున్నా కాళ్లు ఒప్పుకోవు. బూట్లు కారు లోపల, వెచ్చగా ఉండే చోట ప్రయాణించాలి.

రెండోది మనవాళ్ల ప్రత్యేకం: కూలర్, రైస్ కుక్కర్, అయిదు పౌండ్ల బియ్యం, పులిహోర డబ్బా, వాటర్ బాటిళ్ల కేసు. అరలీటరు బాటిళ్లు 24 ఉన్న ఒక్క కేసే 26 పౌండ్లు దాటుతుంది. ఇవన్నీ కారు లోపలే కింద, వెనక సీటుకు ఆనించి పెట్టాలి. బరువు కిందికి ఉన్నకొద్దీ కారు స్థిరంగా ఉంటుంది. తాహో దారిలో ఐ-80 హైవే మీద డానర్ సమ్మిట్ కనుమ ఎత్తు 7,239 అడుగులు. ఆ ఎక్కుడులో, దిగుడులో మలుపు తిరిగినప్పుడల్లా నెత్తిన బరువుంటే కారు ఒరుగుడు మీకే తెలుస్తుంది. పైగా తాహో ఎలుగుబంట్లకు కారు తలుపులు తీయడం వచ్చు. తిండి వాసన వస్తే బాక్స్ మూత వాటికి ఒక లెక్కా! గదికి చేరాక తిండి ఏదీ కారులోనూ వదలకండి, బాక్సులోనూ వదలకండి.

మూడోది మంచులో జారకుండా టైర్లకు చుట్టే చైన్లు. వీటి గురించి కాస్త గట్టిగా చెప్పాలి. కాల్ట్రాన్స్ (కాలిఫోర్నియా రోడ్ల శాఖ) వాళ్లు మంచు పడినప్పుడు ఆర్1, ఆర్2, ఆర్3 అని మూడు అంచెల చైన్ కంట్రోలు పెడతారు. ఆర్2లో ఫోర్ వీల్ డ్రైవ్, ఆల్ వీల్ డ్రైవ్ బళ్లు నాలుగు చక్రాలకూ స్నో టైర్లుంటే చైన్లు వేయకుండానే వెళ్లొచ్చు, కానీ చైన్లు బండిలో ఉండి తీరాలి. ఆర్3లో మినహాయింపు లేదు, అందరూ వేయాల్సిందే. అంటే వాటి అవసరం వచ్చేది మంచు కురుస్తున్నప్పుడు, చీకట్లో, రోడ్డు పక్కన. ఆ సమయంలో మూత మీద నాలుగంగుళాల మంచు, తాళంలో ఐసు, పైన నాలుగు జతల స్కీలు, వాటి అడుగున చైన్లు ఉంటే టెన్షన్ మామూలుగా ఉండదు. చైన్లు, గ్లోవ్స్, టార్చి, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత పట్టా, ఈ నాలుగూ ఒక సంచిలో వేసి, సామాను కదపకుండా చేతికందే చోట పెట్టండి.

ఇక బాక్స్ సర్దడం. స్కీలు ముందు వెళ్లాలి. ఒక్కో జతను అడుగు భాగాలు ఎదురెదురుగా కలిపి స్ట్రాపుతో కట్టండి, లేకపోతే అంచులు పక్కవాటిని గీకేస్తాయి. వంపు తిరిగిన కొసలు కారు వెనక వైపుకు ఉండాలి. చాలా బాక్సులకు ముక్కు దగ్గర లోతు తక్కువ, కొసలు అక్కడ మూతకు తగులుతాయి. జతలన్నీ ఒకే వరసలో పెడితే బైండింగులన్నీ ఒకచోట గుట్టపడి మూత పడదు. ఒక జతను కాస్త ముందుకు, పక్కదాన్ని కాస్త వెనక్కు జరపండి. బరువున్నవి రెండు బార్ల మధ్యకు రావాలి, తేలికవి రెండు చివర్లకు. జాకెట్ల సంచులు ఖాళీల్లో కుక్కండి. పెట్టె సూట్‌కేసులకంటే మెత్తటి సంచులే మేలు, సందుల్లో ఒదుగుతాయి.

తర్వాత లోపలి స్ట్రాపులు. వీటిని వాడకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. గట్టిగా బ్రేకు వేసినప్పుడు స్కీలు బాణాల్లా ముక్కు మీదికి దూసుకొస్తాయి, వాటిని ఆపేది ఈ స్ట్రాపులే. బిగించాక బాక్సును రెండు చేతులతో పట్టుకుని ఊపండి. లోపల ఏదైనా కదిలిన చప్పుడు వస్తే మళ్లీ తెరవండి. స్ట్రాపు చివర బయట వేలాడితే దారంతా టపటపా కొట్టుకుంటుంది, లోపలికి దోపేయండి. మూత మీద మోచేతులు వేసి నొక్కితేనే పడుతుందంటే సామాను ఎక్కువైనట్టు. చాలా బాక్సుల్లో తాళం పూర్తిగా పడితేనే చెవి బయటికి వస్తుంది. చెవి రాకపోతే చెవితో కొట్లాడకండి, మూత ఏ మూల పైకి లేచి ఉందో చూడండి.

తిరుగు ప్రయాణంలో సామాను తడిగా ఉంటుంది. స్కీల మీది మంచు దులిపి, పాత టవల్‌తో తుడిచి పెట్టండి. బాక్స్ వానను చాలావరకు ఆపుతుంది, కానీ అందులో లాప్‌టాప్ పెట్టేంత నమ్మకం వద్దు. కారు కదిలే ముందు మూత మీది మంచు కూడా తోసేయండి. అదీ బరువే, పైగా హైవే మీద పలకలుగా ఊడి వెనక కారు అద్దం మీద పడుతుంది.

ఈ వారం అభ్యాసం: మీ కారు మాన్యువల్ తీసి పైకప్పు హద్దు రాసుకోండి, బార్ల బరువు, బాక్స్ బరువు తీసేసి మీ అంకె కట్టండి. తర్వాత ఈ లెక్క చేయండి. పైకప్పు హద్దు 100, బార్లు 11, బాక్స్ 40. సామాను: 11 పౌండ్ల స్నోబోర్డులు రెండు, 14 పౌండ్ల స్కీ జతలు రెండు. మిగిలేది 49, సామాను 50. ఒక్క పౌండే కదా అని ఎక్కించేయకండి. వెనక సీటులో ఒక భాగం మడిచి ఒక జత స్కీలు లోపలికి తీసుకుంటే పైన 36 అవుతుంది, జాకెట్ల సంచి తూచి దానికీ పైన చోటివ్వొచ్చు.

నాలుగో పాఠం: బాక్సుతో కారు ఎత్తు ఎంతైందో కొలిచి డ్యాష్‌బోర్డు మీద అంటించడం, బయల్దేరిన కాసేపటికి ఆగి బోల్టులు చూసుకోవడం, గాలి ఈల, గ్యాస్ ఖర్చు. అప్పటిదాకా పార్కింగ్ గరాజుల జోలికి వెళ్లకండి.