కడప పక్క వంకల్లో పాములు, అడవి ప్రాణులు చూడాలంటే

పామును వెతుక్కుంటూ తిరిగితే పాము దొరకదు. మన అడుగుల అదురుకే అది తప్పుకుంటుంది. ఒకచోట కదలకుండా నిలబడటం అలవాటైతే సగం పని అయినట్టే.

సిద్ధవటం వైపు లంకమల అభయారణ్యంలోకి పోవాలనుకుంటే ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోండి. మొదటిసారికైతే అంత దూరం అక్కర్లేదు. ఊరి చెరువు కట్ట, చేనుగట్లు, ఎండిన వంక చాలు. మడమలు దాటే బూట్లు, మందపాటి ప్యాంటు వేసుకోండి. నీళ్లు, టార్చిలైటు మరవొద్దు.

తెల్లారేసరికి అక్కడుండాలి. మొదట వంకలో ఇసుక చూడండి. వంకరగా సాగిన ఒకే గీత ఉంటే పాము పోయినట్టు. నడుమ గీత, రెండు పక్కలా గోళ్ల గుర్తులు ఉంటే ఉడుము. పొదల కింద కుబుసం దొరికితే తలవైపు చూడండి, కళ్ల మీది పొర కూడా గాజుబిళ్లలా ఊడి వచ్చుంటుంది. పాముకు రెప్పలుండవు కదా. కుబుసం సాగుతుంది కాబట్టి దాన్ని కొలిచి పాము పొడవు చెప్పకండి.

తర్వాత చెవులు పెట్టండి. ఉడతలు, గోరింకలు ఒకేచోట గోల చేస్తుంటే అక్కడ ఏదో ఉంది. ఒకసారి నేను అట్లా నేలంతా గాలిస్తుంటే గొర్రెల కాపరి ఒకాయన నవ్వి, "కిందికి కాదు సామీ, పైకి చూడు" అన్నాడు. నా ముఖానికి ఎదురుగానే, చిగురు కొమ్మలాగా, పసిరిక పాము!

కనబడ్డాక కనీసం పదడుగుల దూరంలో ఆగండి. రాళ్లు తిరగెయ్యొద్దు, సందుల్లో చెయ్యి పెట్టొద్దు. రంపం గీసినట్టు గరగర వినిపిస్తే చిన్న పింజర పొలుసులు రాసుకుంటోందని అర్థం. వచ్చిన దారినే వెనక్కి రండి. పొడుగ్గా ఉందని జెర్రిపోతును నాగుపాము అనుకుని కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జెర్రిపోతు పెదవుల మీద నల్ల గీతలు చూడండి, తేడా తెలుస్తుంది.

ఒకవేళ కాటు పడితే కొయ్యొద్దు, కట్టు కట్టొద్దు. ఉంగరం, గడియారం తీసేసి, కాలో చెయ్యో కదలనీయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోండి. కట్లపాము కాటుకు నొప్పి లేకపోయినా సరే.

లంకమల వైపు పొదల్లో ఉండే కలివికోడి (జెర్డన్స్ కోర్సర్ అనే పిట్ట) మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 1900 తర్వాత జాడలేని ఆ పిట్ట 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగేది, పైగా బహు అరుదు. దాని పొదలు చూసి రావడమే మన వంతు.

తిరుగుదారిలో బండి నెమ్మదిగా పోనీండి. చీకటి పడ్డాక వెచ్చగా ఉన్న తారురోడ్డు మీదికి పాములొస్తాయి. రోజంతా అగపడని కట్లపాము మాకు అక్కడే, హెడ్‌లైటు వెలుగులో, తాపీగా రోడ్డు దాటుతూ కనబడింది.