మ్లదా బొలెస్లవ్‌కి వస్తున్నారా? ముందు పోస్ట్‌బాక్సు మీద పేరు అంటించండి

స్కోడా కార్ల కంపెనీలోనో, దానికి విడిభాగాలు చేసే కంపెనీల్లోనో ఉద్యోగం వచ్చినవాళ్లు దిగే చెక్ దేశపు ఊరు ఇది. ప్రాగ్‌కి ఈశాన్యంగా దాదాపు 60 కిలోమీటర్లు, యిజెరా నది ఒడ్డు. 1895లో లౌరిన్, క్లెమెంట్ అనే ఇద్దరు ఇక్కడ సైకిళ్లతో మొదలుపెట్టిన కంపెనీ 1925లో స్కోడాలో కలిసింది. ప్రాగ్ నుంచి రైలు కంటే చెర్నీ మోస్ట్ మెట్రో స్టేషన్ దగ్గర ఎక్కే బస్సే నయం.

ఇల్లు వెతికేటప్పుడు 2+kk అని కనిపిస్తుంది, 'కాకా' అని పలుకుతారు. మన కాకా కాదు! హాల్లోనే వంటగట్టు ఉండే రెండు గదుల ఫ్లాటు. 2+1లో వంటగది విడిగా ఉంటుంది. పోపు వాసన పరుపులదాకా రావద్దనుకుంటే అదే చూడండి. డిపాజిట్ మూడు నెలల అద్దెకి మించకూడదని చట్టం. ఇంట్లో ఉంటున్నట్టు ఓనరు చేత కాగితం రాయించుకోండి. రెసిడెన్సు కార్డు తీసుకునే వీసా మీద వస్తే, దిగిన 3 పనిరోజుల్లోపు హోంశాఖ ఆఫీసుకి వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి.

ఇక పోస్ట్‌బాక్సు సంగతి. నేను వచ్చిన కొత్తలో పాత అద్దెవాళ్ల పేరు అలాగే వదిలేశాను. నాకు రావలసిన రిజిస్టర్డ్ ఉత్తరం వెనక్కి పోయింది. ఆ నెలంతా ఒకటే టెన్షన్. ఇక్కడ ప్రభుత్వ ఉత్తరం పోస్టాఫీసుకి చేరాక 10 రోజుల్లో తీసుకోకపోయినా, సాధారణంగా మీకు అందినట్టే లెక్క. అందుకే బియ్యం కొనకముందే బెల్లు మీద, పెట్టె మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు అంటించండి. మన ఇంటిపేర్లు ఆ చిన్న చీటీలో పట్టవు, అక్షరాలు సన్నగా రాయండి.

ఊరంతా ఫ్యాక్టరీ టైమే. పొద్దుటి షిఫ్టు ఆరుకి, భోజనం పదకొండుకే. ఒంటిగంటన్నరకి తీరిగ్గా హోటల్‌కి వెళ్తే మధ్యాహ్నం మెనూలో మంచివి అయిపోయి ఉంటాయి. రాత్రి పది దాటాక మిక్సీ వేయకండి, కింది ఇంటాయన నిద్రలో ఉంటాడు. లిఫ్టులో ఎవరు ఎదురైనా 'దొబ్రీ దెన్' (మన నమస్కారం లాంటిది) అనండి. ఎవరైనా నిట్టూర్చి 'ష్కోడా' అంటే కారు గురించి కాదు, చెక్ భాషలో దానికి 'అయ్యో పాపం' అనే అర్థం కూడా ఉంది.

పచ్చిమిర్చి, కొత్తిమీర, అల్లం కోసం వియత్నాం వాళ్ల కొట్లు చూడండి. పెరుగు కావాలంటే 'బీలీ యోగుర్ట్' అడగండి. ట్రాన్స్‌లేటర్ 'కర్డ్' అని చూపించే త్వరోహ్ మాత్రం తెచ్చుకోకండి. అది విరిగిన పాల ముద్ద, అన్నంలో కలవదు.