గోదావరిలో దిగే ముందు చెవి చూపించుకోండి

వరద రోజులు పోయి, కార్తీకం దాటాక గోదావరి నీళ్లు తేటపడతాయి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయల్లో దూరపు ఈతలకు అదే అనువైన కాలం. కొత్తగా దిగేవాళ్లు భుజాల బలం గురించి, ఊపిరి గురించి అడుగుతారు. చెవి గురించి అడిగినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. శరీరం ఎటు వంగిందో, ఏది పైనో ఏది కిందో చెప్పే భాగం లోపలి చెవిలోనే ఉంది. గట్టు మీద కళ్లు తిరిగితే కూర్చుంటాం. నది మధ్యలో కూర్చునే చోటు లేదు.

ఒక జనవరి తెల్లవారుజామున వశిష్ఠలో దిగాను. ఎడమ చెవిలో గుబిలి గట్టిపడి ఉందని నాకు తెలియదు. కుడి చెవిలోకి మాత్రం నీళ్లు గుబుక్కున వెళ్లాయి. రెండు మూడు బారలు వేసేలోపు ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్ల వరస గిర్రున తిరిగింది. మన నీళ్లు చలికాలంలోనూ మంచులా ఉండవు, నిజమే. కానీ ఒంటి వేడి దాదాపు 37 డిగ్రీలు. అంతకన్నా చల్లని నీరు ఒక్క చెవిలోకే చేరితే ఆ పక్క లోపలి చెవిలోని ద్రవం కదిలి, తల తిరుగుతోందని మెదడుకు తప్పుడు కబురు వెళుతుంది. పక్కనే పడవ ఉంది కాబట్టి అంచు పట్టుకుని, కదలని ఒక చెట్టును చూస్తూ ఆగాను. ఒకటి రెండు నిమిషాల్లో తగ్గింది. మీకూ అలా జరిగితే ఈత ఆపండి, పట్టు దొరికిన దాన్ని పట్టుకోండి, తల మునగనీయకండి. తిరుగుడు పూర్తిగా పోయేదాకా ఒక్క బార కూడా వేయవద్దు.

అందుకే ఈతలు మొదలుపెట్టడానికి రెండు వారాల ముందే చెవి డాక్టరుకు చూపించుకోండి. గుబిలి ఎక్కువగా ఉంటే ఆయన తీస్తారు. పిన్నీసు, అగ్గిపుల్ల, దూది చుట్టిన పుల్ల చెవిలో పెట్టకండి. అవి గుబిలిని ఇంకా లోపలికి నెడతాయి, చర్మాన్ని గీరుతాయి. ఆ గీతలోనే చీము పుడుతుంది. చెవిపోటు రాగానే వెల్లుల్లి కాచిన నూనె పోయడం మన ఇళ్లలో ఉంది. పోసే చేతిలో ప్రేమ ఉన్నా, నూనె వేడెక్కువైతే చెవి కాలుతుంది. కర్ణభేరికి రంధ్రం ఉంటే అది లోపలికి చేరుతుంది. రంధ్రం ఉన్నవాళ్లు, గతంలో చీము కారినవాళ్లు డాక్టరు ఒప్పుకోనిదే దిగకూడదు. జలుబు చేసి ముక్కు బిగిసినప్పుడు మునకలు వద్దు. రెండు మీటర్ల లోతులోనే చెవి మీద ఒత్తిడి తెలుస్తుంది.

చెవికి మెత్తని సిలికాన్ ప్లగ్గులు, వాటి మీద ఈత టోపీ పెట్టుకుంటే చల్లని నీరు ఒక్కసారిగా లోపలికి పోదు. కొందరికి వికారం కూడా దీనితో తగ్గుతుంది. రొయ్యల చెరువుల నీళ్లు, ఊరి మురుగు వచ్చి కలిసే డ్రెయిను దగ్గర ఈదకండి. బయటికి వచ్చాక తల పక్కకు వంచి, చెవి తమ్మెను మెల్లగా లాగి నీరు పోనివ్వండి, మెత్తని గుడ్డతో బయటే ఒత్తండి. మన తేమ గాలిలో తడి ఆరని చెవికి బూజు కూడా పడుతుంది. దురద మొదలైతే అశ్రద్ధ చేయకండి. తమ్మె లాగినా, చెవి ముందరి మిట్టను నొక్కినా నొప్పి పుడితే చెవిగొట్టం వాచిందని అర్థం. అది మానేదాకా, అంటే సాధారణంగా వారం పది రోజులు, నీళ్లలోకి వద్దు. మధుమేహం ఉన్నవాళ్లు ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. వాళ్లకు ఈ వ్యాధి ఎముకదాకా పాకే ప్రమాదం ఉంది.

ఇక కడుపులో తిప్పడం. పాయల్లో ఇది అంతగా ఉండదు. అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసే చోట మాత్రం తప్పించుకున్నవాళ్లు తక్కువ. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నది బయటికి లాగుతుంది, గాలి ఎదురుగా తోస్తుంది, అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. బురదనీటిలో ముఖం పెడితే కళ్లకు ఏమీ కనబడదు. చెవి మాత్రం ఊగుతున్నావని చెబుతూనే ఉంటుంది. కంటికీ చెవికీ పొత్తు కుదరక వికారం పుడుతుంది. కొన్ని బారలకొకసారి తలెత్తి దీపస్తంభాన్నో ఒడ్డునో చూడండి. ఊపిరి ఒడ్డు వైపే తీసుకోండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి పెరుగుతుంది కాబట్టి ఉదయమే ముగించండి. తోడు పడవ డీజిలు పొగ మీ ముఖానికి రాకుండా గాలి మీ వైపు నుంచి పడవ వైపు వీచే పక్కన ఉంచండి.

ఖాళీ కడుపూ వద్దు, పెసరట్టు ఉప్మా కూడా వద్దు. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు చాలు. అల్లం ముక్క కొందరికి పనిచేస్తుంది. వికారం ఆపే మెక్లిజిన్, ప్రోమెథాజిన్ లాంటి మాత్రలు మగత తెస్తాయి. డాక్టరును అడిగి, ముందు ఇంటి దగ్గర ఒక రోజు వేసుకుని చూడండి. ఈత రోజే మొదటిసారి వేసుకోవడం నిద్రమత్తుతో నదిలో దిగడమే.

వాంతి వస్తే వెల్లకిలా తిరగకండి, గొంతుకు అడ్డుపడుతుంది. కాళ్లు ఆడిస్తూ నిటారుగా నిలిచి తల ముందుకు వంచండి. వరసగా రెండుసార్లు అయితే ఆ రోజు ఈత అక్కడితో ఆపేయాలి. పడవ మనిషితో దిగే ముందే ఒక సైగ మాట్లాడుకోండి. ఆ చెయ్యి లేచినప్పుడు ఒడ్డు ఎంత దగ్గరగా ఉన్నా, మీరు వద్దని అన్నా, మిమ్మల్ని పైకి లాగుతానని ఆయన చేత మాట తీసుకోండి.