జ్యూట్ మిల్లులో ఎంసీసీబీ మార్చే ముందు జాగ్రత్తలు

బొబ్బిలి, రాజాం వైపు జ్యూట్ మిల్లుల్లో పని చేసే తమ్ముళ్ల కోసం ఇది. ఎంసీసీబీ అంటే ఓవర్‌లోడైనా, షార్ట్ అయినా ట్రిప్ అయ్యే పెద్ద బ్రేకర్. అది ఉన్న 415 వోల్టుల ప్యానెల్ తెరిచే ముందు చదవండి.

• నోటిమాట షట్‌డౌన్ ఒప్పుకోవద్దు. ఈ ప్యానెల్‌కి కరెంటు పంపే పై బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వేయండి, తాళంచెవి మీ జేబులోనే ఉండాలి.

• కరెంటు పోగానే దానంతటదే స్టార్టయ్యే జనరేటర్ ఉంటే దాన్నీ లాక్ చేయండి. ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది, అవి డిశ్చార్జి అయ్యేదాకా ఆగండి.

• అన్నిటికంటే ముఖ్యం ఇదే. స్క్రూడ్రైవర్ టెస్టర్‌ని నమ్మొద్దు. మల్టీమీటర్‌ని ముందు కరెంటున్న చోట పెట్టి చూడండి. తర్వాత మీరు ముట్టుకోబోయే టెర్మినళ్లు: ఫేజుకీ ఫేజుకీ మధ్య, ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ, ఎర్త్‌కీ. మళ్లీ కరెంటున్న చోట. మధ్యలో ప్రోబు వైరు తెగినా మీటరు సున్నాయే చూపిస్తుంది, అందుకే ఈ మూడో చూపు. సూపర్‌వైజర్ తొందరపెట్టినా మానొద్దు.

• నార ధూళిని వాక్యూమ్‌తో తీయండి. గాలి కొడితే సందుల్లోకి పోతుంది.

• ఆంపియర్లే కాదు, కేఏ రేటింగ్ (షార్ట్ అయినప్పుడు బ్రేకర్ ఎన్ని వేల ఆంపియర్లు ఆపగలదో చెప్పే అంకె) కూడా పాతదానికి తగ్గకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ప్యానెల్లో షార్ట్ అయితే వేల ఆంపియర్లు పారతాయి. ఊరికే ట్రిప్ అవుతోందని పెద్ద బ్రేకర్ వేస్తే కాలేది కేబులే.

• అల్యూమినియం కేబులైతే బైమెటల్ లగ్గు (అల్యూమినియం, రాగి రెండూ కలిపి చేసిన కేబుల్ కొన) వాడండి. బోల్టులు టార్క్ రెంచితో, కంపెనీ చెప్పినంతే బిగించండి. ఫేజుల మధ్య బారియర్లు తప్పనిసరి.

• మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూశాక, లోడు తీసేసి, తలుపు మూసి, ప్యానెల్‌కి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి ఆన్ చేయండి.